బ్యాటరీ మార్చే ముందు ఒక్క ప్రశ్న

మా వంటగది గోడకు అవతలే బండి షెడ్డు. తెల్లవారుజామున నాలుగున్నరకు నేను పొయ్యి మీద పాలు పెట్టేసరికి మా ఆయన బండి తాళం తిప్పుతారు. పన్నెండేళ్ళ పాత డీజిల్ పికప్ అది. సెకండ్ హ్యాండులో కొన్నాం, మా చేతికొచ్చి ఆరేళ్ళవుతోంది. చుట్టుపక్కల తోటల నుంచి టమాటాలు మదనపల్లె మార్కెట్టుకు తోలడమే మా బతుకుతెరువు. ఆ బండి అందుకుంటేనే మా ఇంట్లో ఆ రోజు మొదలైనట్టు.

అందుకే దాని గొంతు నాకు తెలుసు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు గిర్రుమని రెండు చుట్లు తిరిగి ఠక్కున అందుకుంటుంది. పోయిన చలికాలం మాత్రం ర్ర్... ర్ర్... ర్ర్... అని ముసలాయన మెట్లెక్కినట్టు తిరగడం మొదలుపెట్టింది. మదనపల్లె ఎత్తు మీద ఉన్న ఊరు. ధనుర్మాసంలో పొద్దున చలి బాగానే ఉంటుంది. "చలికి అట్లే ఉంటుందిలే" అన్నారు ఆయన. నేను కూడా సరే అనుకున్నాను.

ఒకరోజు అసలు అందుకోలేదు. వీధిలో పిల్లలను లేపి తోయించాల్సి వచ్చింది. మార్కెట్టుకు చేరేసరికి పాట అయిపోవచ్చింది. కాయలు పండు మీదున్నాయి, మర్నాటి దాకా ఆగవు. వచ్చిన ధరకు ఇచ్చేసి వచ్చారు. రైతు ముఖం చూడలేకపోయానని ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

మరుసటి రోజే కొత్త బ్యాటరీ వేయించారు. 8,400 రూపాయలు. ఆ డబ్బు నా చీటీలోది. మా పెద్దమ్మాయి హాస్టల్ ఫీజు కోసం దాచుకున్నది. బండి ఆగితే ఫీజు మాట దేవుడెరుగు, బియ్యం కూడా రావు కాబట్టి నేనే తీసి ఇచ్చాను. బండి మళ్ళీ గిర్రుమంది. అమ్మయ్య అనుకున్నాను.

మూడు వారాలకు మళ్ళీ అదే మూలుగు.

ఈసారి సెల్ఫ్ మోటారు అన్నారు. విప్పి, బ్రష్షులు మార్చి, బుష్షులు వేసి, 4,200 తీసుకున్నారు. వారం బాగుంది. మళ్ళీ మొదలు. ఇక ఇంజనులో కంప్రెషన్ పోయిందేమో, ఇంజను దించాలేమో అనే మాట మా ఇంట్లోకి వచ్చింది. ఇంజను పని అంటే నా మెడలో గొలుసు బ్యాంకుకు పోవాల్సిందే. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. కానీ అన్నం పెట్టేటప్పుడు ఆయన నా ముఖం చూడకపోవడంలోనే నాకు అర్థమైంది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, మెకానిక్ మీద కూడా కాదు. నా మీద నాకే. ఇంట్లో మిక్సీ నిదానంగా తిరిగితే నేనేం చేస్తాను? కొత్త మిక్సీ కొంటానా? కరెంటు తక్కువగా ఉందేమో లైటు చూస్తాను. ప్లగ్గు వదులైందేమో కదిపి చూస్తాను. జారులో పప్పు ఎక్కువైందేమో తీసి చూస్తాను. పిల్లాడికి జ్వరమొస్తే ఎప్పటి నుంచి, రాత్రా పగలా, ఏం తిన్నాడు అని అన్నీ గుర్తు పెట్టుకుని డాక్టరుకు చెప్తాను. మరి ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే బండి విషయంలో మాత్రం నోరు మూసుకుని చీటీ డబ్బు ఎందుకు తీసిచ్చాను? "బండి సంగతి నాకేం తెలుసు" అనే ఒక్క మాట వెనక దాక్కున్నాను, అంతే.

ఆ రోజు నుంచి పాల లెక్క పుస్తకంలో వెనక పేజీ తీసి రాయడం మొదలుపెట్టాను. ఎన్ని గంటలకు స్టార్ట్ చేశారు, ఇంజను చల్లగా ఉందా వేడిగా ఉందా, వేగంగా తిరిగిందా నిదానంగా తిరిగిందా, ఆ సమయంలో క్యాబిన్ లైటు ఎంత మసకబారింది, పొగ ఏ రంగు వచ్చింది. తొమ్మిది రోజులు రాశాను. మా ఆయన చూసి "ఏమే, బండికి జాతకం రాస్తున్నావా?" అని నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

తొమ్మిది రోజుల తర్వాత ఆ పేజీ చూస్తే నాకే తెలిసిపోయింది. ప్రతిరోజూ పొద్దున మొదటిసారే కష్టం. మధ్యాహ్నం కొంచెం నయం. ప్రతిసారీ నిదానంగానే తిరిగింది, వేగంగా తిరిగి అందుకోని రోజు ఒక్కటీ లేదు. ఒకసారి గట్టిగా తిరిగిందంటే వెంటనే అందుకుంది, తెల్ల పొగ లేదు.

ఆ పుస్తకం పట్టుకుని ఆయనతో పాటు నేనూ టౌన్లో ఆటో ఎలక్ట్రికల్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. అందరూ ఆయన్ని భాయ్ అంటారు. భాయ్ బానెట్ ఎత్తలేదు. ముందు మమ్మల్ని అడిగారు. "సెల్ఫ్ కొడితే నిదానంగా తిరుగుతుందా, వేగంగా తిరిగి అందుకోదా?" నేను చెప్పాను. "చల్లగా ఉన్నప్పుడా, వేడిగా ఉన్నప్పుడా?" చెప్పాను. "ఇది మొదలయ్యే ముందు బండికి ఏం పని చేయించారు?" మా ఆయన తల గీరుకున్నారు. నేను మాత్రం వెంటనే చెప్పాను. అట్లతద్ది వారంలో ఎఫ్‌సీకి పెట్టాం. ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండికి ఏడాదికోసారి ఫిట్‌నెస్ చేయించాలి కదా. దానికోసం కింద ఛాసిస్ అంతా కడిగించి నల్ల పెయింటు కొట్టించాం. ఆ ఖర్చు నా పుస్తకంలోనే ఉంది.

భాయ్ "ఊఁ" అని మీటరు తీశారు.

ఆయన చేసింది నేను పక్కనే నిలబడి చూశాను, అడిగి తెలుసుకున్నాను. మీకూ చెప్తాను, పెద్ద కష్టమేం కాదు. మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, రాత్రంతా ఆగిన బ్యాటరీ రెండు టెర్మినళ్ళకు తాకిస్తే 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే తక్కువంటే దాదాపు ఖాళీ. మాది 12.5 చూపింది. తర్వాత ఇంజను అందుకోకుండా స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని సెల్ఫ్ కొట్టమన్నారు. అప్పుడు బ్యాటరీ దగ్గర 10.6 ఉంది. ఆ సమయంలో తొమ్మిదిన్నర కంటే కిందికి పడకపోతే బ్యాటరీ బాగున్నట్టే. అంటే తప్పు బ్యాటరీది కాదు.

ఆ తర్వాత చేసిన పని నేను మర్చిపోను. మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద, ఇంకో కొస ఇంజను ఇనుము మీద పెట్టి మళ్ళీ సెల్ఫ్ కొట్టించారు. ఆ రెంటి మధ్య మందపాటి ఎర్త్ వైర్లు తప్ప ఏమీ ఉండకూడదు. కాబట్టి మీటరు దాదాపు సున్నా చూపాలి, మహా అయితే అర వోల్టు. మాది 1.9 చూపింది. దాదాపు రెండు వోల్టులు మోటారుకు చేరకుండా దారిలోనే పోతున్నాయి.

కిందికి దూరి చూస్తే ఇంజను నుంచి ఛాసిస్‌కు వచ్చే అల్లిక ఎర్త్ పట్టీ కనబడింది. బోల్టు కింద తుప్పు, దాని మీద మన నల్ల పెయింటు. పెయింటు కొట్టేటప్పుడు బోల్టు విప్పి, రంగు ఆరాక దాని మీదే బిగించేశారు. రంగులోంచి కరెంటు సరిగా పోదు. భాయ్ ఆ చోట ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో గీకి, కొత్త పట్టీ వేసి, బిగించి, పైన గ్రీజు పూశారు. మళ్ళీ మీటరు పెడితే 0.2. తాళం తిప్పగానే గిర్రుమంది. పట్టీ 250, పని 300. అంతే.

మరి కొత్త బ్యాటరీ వేశాక మూడు వారాలు ఎందుకు బాగుందని అడిగాను. కొత్త దానికి బలం ఎక్కువ, దారి బాగాలేకపోయినా నెట్టుకొచ్చిందన్నారు. పైగా బ్యాటరీని నింపే ఆల్టర్నేటరు కూడా ఇంజను మీదే ఉంటుంది, దాని కరెంటు కూడా అదే ఎర్త్ దారిలో పోవాలి. దారి పాడైతే కొత్త బ్యాటరీకి కూడా రోజూ అర్ధాకలే. మూడు వారాలకు అదీ నీరసపడింది. అంటే ఇంకో రెండు బ్యాటరీలు కొన్నా మా కథ మారేది కాదు.

చిన్న పట్టీకి ఇంత కథేమిటి అనిపిస్తుంది. మన మిక్సీ లాగేది మూడు నాలుగు ఆంపియర్లు. డీజిల్ ఇంజనును తిప్పే మోటారు లాగేది రెండు మూడు వందల ఆంపియర్లు. అంత కరెంటు పోయే దారిలో ఓములో వందో వంతు అడ్డు ఉన్నా రెండు వోల్టులు మాయమవుతాయి. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని పదహారో వంతుకో ఇరవయ్యో వంతుకో నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. సైకిల్ పంపు గబగబా కొడితే అడుగు వేడెక్కుతుంది చూడండి, అదే సూత్రం. నిదానంగా కొడితే వేడెక్కదు కదా. ఇంజనూ అంతే. నిదానంగా తిరిగితే వేడి సిలిండరు గోడలకు పోతుంది, గాలి రింగుల సందుల్లోంచి జారిపోతుంది. చలిలో నూనె చిక్కబడి ఇంజను తిరగడం ఇంకా బరువవుతుంది. అందుకే పొద్దున మొండికేసి మధ్యాహ్నం మాట వినేది.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మన ఇళ్ళలో చాలా డబ్బు రోగానికి కాదు, ఊహకు ఖర్చవుతోంది. "బ్యాటరీ అయ్యుంటుంది", "మోటారు అయ్యుంటుంది" అని ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోవడం పరీక్ష కాదు, జూదం. ఆ జూదంలో పెట్టేది మన చీటీ డబ్బు, మన గొలుసు, పిల్లల ఫీజు. కాబట్టి ఆ డబ్బు చేతికిచ్చే ముందు ఒక్క ప్రశ్న అడిగే హక్కు మనకుంది. "ఇదే కారణమని ఎలా తెలిసింది? ఏం కొలిచి చూశారు?" ఇది ఎవరినీ అవమానించే ప్రశ్న కాదు. పని తెలిసిన మనిషికి ఆ ప్రశ్న ఇష్టం కూడా. భాయ్ నాకు మీటరు తిప్పి మరీ చూపించారు.

ఈ మాట పక్కింటి అక్కతో అంటే, "ఇప్పటికే ఇంటి చాకిరీ చాలదా, బండి కూడా మన నెత్తిన వేసుకోవాలా?" అంది. న్యాయమైన మాటే. కానీ ఆ బరువు ఇప్పుడు మన నెత్తిన లేదా? బండి ఆగిన పొద్దున వీధి పిల్లల్ని లేపింది నేను. చీటీ పాడింది నేను. ఆ రాత్రి ఆయన చిరాకును భరించింది నేను. బరువు మోస్తూనే ఉన్నాం. దాని మీద మాట చెప్పే అధికారం మాత్రం వదిలేసుకున్నాం. నేను మెకానిక్‌ని అయిపోతాననడం లేదు. స్పానరు నా చేతిలో ఉండక్కర్లేదు. గమనించింది చెప్పడం, తెలియనిది అడగడం, ఈ రెండూ చాలు.

ఈ గమనింపు ఎంత పనికొస్తుందో మొన్న సంక్రాంతి తర్వాత తెలిసింది. మా చెల్లెలు అనంతపురం వైపు ఉంటుంది. వాళ్ళకూ పాత డీజిల్ బండే. "అక్కా, మా బండి పొద్దున స్టార్ట్ కావట్లేదు, మీకులాగే ఎర్త్ పట్టీ మార్చమంటావా?" అని ఫోను చేసింది. నేను నేర్చుకున్న మొదటి ప్రశ్న అడిగాను. "నిదానంగా తిరుగుతుందా, వేగంగా తిరిగి అందుకోదా?" వేగంగానే తిరుగుతుందట, చాలాసేపు కొట్టాక అందుకుంటుందట. అయితే మా జబ్బు కాదు. కరెంటు దారి బాగానే ఉంది, డీజిల్ దారి చూడాలి. ఫిల్టరు దగ్గరుండే చేతిపంపు గట్టిపడేదాకా కొట్టి అప్పుడు తాళం తిప్పమని మరిదికి చెప్పమన్నాను. మర్నాడు పొద్దున అట్లా చేస్తే ఒక్క దెబ్బకు అందుకుంది. అంటే రాత్రిపూట ఎక్కడో గాలి దూరి డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది. వెతికితే ట్యాంకుకూ ఫిల్టరుకూ మధ్య రబ్బరు పైపు బీటలు వారి ఉంది. పైపు, రెండు క్లిప్పులు మార్చారు, అంతే. నా జవాబే తనకూ జవాబనుకుని మా పట్టీ మందు వాళ్ళ బండికి వేసుంటే అదీ జూదమే అయ్యేది.

వేగంగా తిరిగినా అందుకోక తెల్ల పొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది కానీ మండట్లేదని అర్థం. కొన్ని బండ్లకు డాష్‌బోర్డు మీద స్ప్రింగు లాంటి బొమ్మ వెలుగుతుంది. వాటికి ఇంజను లోపల హీటర్ ప్లగ్గులు ఉంటాయి. మా పాత ఇంజనుకు అవి లేవు. మీ బండికి ఉంటే ఆ దీపం ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టాలి. ఆగినా తెల్ల పొగే వస్తుంటే ముందు ప్లగ్గుల్ని పరీక్ష చేయించండి. అవీ బాగుండి కష్టంగా ఉంటే అప్పుడు ఇంజెక్టర్లు, కంప్రెషన్. ఇంజను దించే మాట అన్నిటికంటే చివర రావాలి. మా ఇంట్లో అది మూడో మాటగా వచ్చింది.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి, ఎందుకంటే ఇవి మన ఒంటికి సంబంధించినవి. బ్యాటరీ దగ్గరికి వెళ్ళేటప్పుడు లోహపు గాజులు, ఉంగరాలు తీసేయండి, గొలుసు లోపలికి వేసుకోండి. గాజు రెండు టెర్మినళ్ళకూ తగిలిందంటే క్షణంలో ఎర్రగా కాలుతుంది. ఫ్యాను దగ్గర జడ, కొంగు జాగ్రత్త. బ్యాటరీలోంచి మండే వాయువు వస్తుంది, పూజ రోజు బానెట్ ఎత్తి అగరొత్తులు, హారతి దాని మీద తిప్పకండి. టెర్మినళ్ళ మీద తెల్లగా, నీలంగా పొడి పేరుకుంటే వేడినీళ్ళలో మన వంటసోడా కలిపి పాత బ్రష్షుతో రుద్దితే పోతుంది. అయితే ముందు నెగటివ్ తీగ తీయాలి, బిగించేటప్పుడు అది చివర పెట్టాలి. సోడా నీళ్ళు బ్యాటరీ మూతల లోపలికి పోకూడదు.

ఇంకొకటి. బండి అందుకోకపోతే పెట్రోలు గుడ్డ ఎయిర్ ఫిల్టరు దగ్గర పెట్టి స్టార్ట్ చేయడం మా వైపు అలవాటు. మా ఆయన కూడా ఒకరోజు ఆ పని చేయబోతే నేను గుడ్డ లాక్కున్నాను. ఆ పెట్రోలు ఆవిరి లోపల వేళకు ముందే మండితే పిస్టన్లు దెబ్బతింటాయి, బయట అంటుకుంటే మనుషులకే ప్రమాదం. ఒక పూట మార్కెట్టు పోయినా పోనీండి కానీ ఆ పని చేయనివ్వకండి.

ఇంతకీ మా అమ్మాయి ఫీజు ఒక నెల ఆలస్యంగా కట్టాం. ఆ 12,600లో బ్యాటరీ అయినా మిగిలింది, మోటారు బ్రష్షులు ఎలాగూ అరిగే ఉన్నాయన్నారు కాబట్టి పూర్తిగా బూడిదలో పోసిన పన్నీరు కాదని సర్దిచెప్పుకున్నాను. ఆ రోజు తక్కువ ధరకు పోయిన కాయల లెక్క మాత్రం సర్దిచెప్పుకోలేను. అది మా డబ్బు కాదు, నమ్మి మా బండిలో వేసిన రైతుది.

ఇప్పుడు మా షెడ్డులో మేకుకు మీటరు వేలాడుతోంది. నాలుగు వందలు పెట్టి కొన్నాం. పాల పుస్తకంలో వెనక పేజీలు బండివి. నాలుగు రోజుల కిందట పొద్దున మా ఆయన తాళం తిప్పి, బండి అందుకున్నాక, దిగి వంటగది కిటికీ దగ్గరికి వచ్చారు. "గొంతు ఎట్లుంది?" అని అడిగారు. "బాగుంది, పోయిరండి" అన్నాను.

ఆరేళ్ళలో ఆ మాట ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి. మీ ఇంట్లో ఎవరూ అడగకపోయినా, మీకు వినబడింది మీరే చెప్పండి.